బాకీపత్రాల మీద నడిచిన దారి
(జిల్లా గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న పెద్దలకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన నలభై నిమిషాల్లో పది ఇక్కడే ఖర్చవుతాయి. మన్నించండి. శాలువా సంగతి కూడా ఆఖర్న చూసుకుందాం.

ఆహ్వానపత్రంలో నా అంశం 'ప్రాచీన వాణిజ్య మార్గాలు, నాగరికతల మధ్య సాంస్కృతిక వినిమయం' అని వేశారు. పక్కనే ఒక బొమ్మ. ఎడారి, అస్తమిస్తున్న సూర్యుడు, వరసగా ఒంటెలు. నా పేచీ అంతా ఆ బొమ్మతోనే. ముందు ఒంటె సంగతి తేల్చేద్దాం. మీరు వేసింది ఒంటిమూపురం ఒంటె. పట్టుదారి (సిల్క్ రోడ్) మీద చైనా నుంచి మధ్యాసియా దాకా బరువులు మోసింది ప్రధానంగా రెండు మూపురాల ఒంటె. గడ్డకట్టే చలికి ఓర్చుకునే జంతువు అది. అసలు ఎండాకాలంలో దాంతో పనే చేయించరు. బొచ్చు రాలిపోయి, మూపురాలు వాలిపోయి ఉంటుంది. అప్పుడు మేతకు వదిలేసి, చలి మొదలయ్యాక బరువెత్తుతారు. కాబట్టి ఆ బొమ్మలో మండే సూర్యుడు కూడా తప్పే.

దాని మీద బరువు కట్టడం ఒక విద్య. అదిమిన ఉన్నితో చేసిన మెత్తల్లో గడ్డి కూరి మూపురాల చుట్టూ వేస్తారు. అటూ ఇటూ పొడవాటి కర్రలు రెండు బిగిస్తారు. ఒంటెను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు రెండు పక్కలా మూటల్ని ఒకేసారి ఎత్తి కట్టాలి. ఒకవైపు ముందు కడితే మెత్త పక్కకు తిరుగుతుంది. తిరిగిన మెత్త దారిపొడుగునా ఒకేచోట ఒరుసుకుంటుంది. సాయంత్రానికి వీపు పుండవుతుంది. పుండుపడ్డ ఒంటె వారాల తరబడి పనికిరాదు. ఆ ఒంటె మోయాల్సిన 120 నుంచి 150 కిలోలు మిగతావాటి మీద సర్దితే వాటికీ పుళ్లు. రోజుకు ముప్ఫై నలభై కిలోమీటర్ల నడక. దారి దోపిళ్ల కథలు మనకు బాగా తెలుసు గానీ, మెత్త సరిగ్గా కట్టకపోవడం వల్ల మునిగిన బేరాల కథ ఎవరూ చెప్పరు.

ఇక అసలు పేచీ. ఆ బొమ్మ చూస్తే ఒక వర్తకుడు చైనాలో పట్టు ఎత్తుకుని రోమ్‌లో దించి, బంగారం పట్టుకుని ఇంటికొచ్చినట్టు అనిపిస్తుంది. అలాంటి మనిషి మనకున్న పత్రాల్లో కనిపించడు. కనిపించేవాళ్లు ఒక ఒయాసిస్ పట్టణం నుంచి పక్క ఒయాసిస్‌కు, మహా అయితే దాని తరువాతిదానికి వెళ్లేవాళ్లు. చేతిలో పది గాడిదలో కంచరగాడిదలో. సరుకు అక్కడ అమ్మి, అక్కడి సరుకు కొని వెనక్కి. అదే మూట మరొకడి చేతిలో మరికొంత ముందుకు.

అంతదూరం ఒకే మనిషి ఎందుకు పోడు? పోనివ్వరు కాబట్టి. చైనాను ఏడో శతాబ్దం నుంచి పదో శతాబ్దం మొదలు దాకా ఏలిన తాంగ్ వంశం రోజుల్లో ఊరు దాటాలంటే ప్రయాణపత్రం ఉండాలి. అందులో వెళ్లే ప్రతి మనిషి పేరు, వెంట ఉన్న పనివాళ్లు, బానిసలు, ఒక్కో జంతువు, వెళ్లే ఊళ్లు రాసి ఉంటాయి. ప్రతి ఠాణా దగ్గరా తలలు లెక్కపెడతారు. దారిలో బానిసనో జంతువునో కొంటే కొన్న పత్రం చూపించాలి. లేకపోతే దొంగసొత్తేమోనని ఆపుతారు. పత్రంలో లేని ఊరికి పోవాలంటే కొత్త పత్రం. ఒకప్పుడు మన చెక్‌పోస్టు దగ్గర వే బిల్లుతో లారీ డ్రైవరు పడ్డ అవస్థ లాంటిదే ఇదీ.

పట్టు గురించి ఒక మాట. పట్టు సరుకే, కాదనను. కానీ ఆ దారిలో అది ముందు డబ్బు. తాంగ్ కాలపు రాగి నాణేలు వెయ్యి గుచ్చిన దండ దాదాపు నాలుగు కిలోలు తూగుతుంది. పశ్చిమ సరిహద్దులో వేల మంది సిపాయిలకు జీతాలు రాగిలో పంపాలంటే ఒంటెలు ఎన్ని కావాలో లెక్కేసుకోండి. ధాన్యం పంపితే దారిలో తినేసేదే ఎక్కువ. పట్టు తాను తేలిక. పొడవు దాదాపు 12 మీటర్లు, వెడల్పు అర మీటరు పైచిలుకు, కొలత ప్రభుత్వం నిర్ణయించింది. అందుకని సిపాయిల జీతం తానుల్లో. 745లో ఆ సరిహద్దులోని దున్‌హువాంగ్ అనే ఒయాసిస్ పట్టణం దండుకు రెండు విడతలుగా 15,000 తానులు వెళ్లాయి. సిపాయి ఆ తాను పట్టుకుని బజారుకు పోయి చెప్పులో, మాంసమో, గుర్రానికి మేతో కొంటాడు. ఆ తాను వర్తకుడి చేతికొస్తుంది, అక్కణ్ణుంచి పడమటికి పోతుంది. అంటే ఆ దారి బతికింది చాలావరకు సైన్యం ఖర్చు మీద. 755లో ఆన్ లుషాన్ అనే తాంగ్ సేనాని తిరుగుబాటు వచ్చింది, సరిహద్దు దండుల్ని రాజధాని వైపు వెనక్కి లాగారు, తానులు రావడం ఆగింది. ఒయాసిస్‌లలో బేరాలు మళ్లీ ధాన్యం, గుడ్డల మారకంలోకి దిగిపోయాయి. అన్నట్టు ఆ ఆన్ లుషాన్ తండ్రి సోగ్డియనే.

సోగ్డియన్లంటే ఎవరో చెప్పలేదు కదూ. సమర్కంద్, బుఖారా, పంజికెంత్ ఊళ్లవాళ్లు. ఇప్పటి ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్. జరాఫ్షాన్ నది ఒడ్డు జనం. పెద్ద సామ్రాజ్యం కట్టలేదు, దిగ్విజయ శాసనం వేయించలేదు. అందుకే మన పాఠ్యపుస్తకాల్లో వాళ్లకు అర పేజీ కూడా దక్కలేదు. కానీ వాయవ్య చైనాలోని తుర్ఫాన్ ఒయాసిస్‌లో దొరికిన ఒక సుంకం చిట్టా వాళ్లెవరో చెబుతుంది. 600 ప్రాంతపు లెక్క అది. తూకం మీద వసూలు చేసిన సుంకం. బంగారం, వెండి, పట్టునూలు, పరిమళద్రవ్యాలు, నవాసారం, ఇత్తడి. పసుపు కూడా ఉందండోయ్. అందులో మొత్తం 35 బేరాలు. 29 బేరాల్లో అమ్మినవాడో కొన్నవాడో సోగ్డియన్. పెద్దపెద్ద మాటలేం అక్కర్లేదు, ఆ ఒక్క చిట్టా చాలు.

ఆ చిట్టా మనదాకా ఎలా వచ్చిందో వినండి. నేను ఈరోజు వచ్చిందే ఇది చెప్పడానికి. తుర్ఫాన్‌లో వాన పడటమే అరుదు. అక్కడ శవానికి తొడిగే చెప్పులు, టోపీ, నడికట్టు కాగితంతో చేసేవాళ్లు. కొత్త కాగితం ఖరీదు. సర్కారు కచేరీలో గడువు తీరిన దస్తావేజులు, పాత చిట్టాలు, కోర్టు వాంగ్మూలాలు చిత్తుకాగితంగా వచ్చేవి. వాటిని పొరలు పొరలుగా మడిచి, అరికాలి ఆకారానికి కత్తిరించి, కుట్టి, నల్లరంగు వేసి శవానికి తొడిగేవాళ్లు. తుర్ఫాన్ దగ్గరి ఆస్తానా శ్మశానంలో ఆ చెప్పుల కుట్లు విప్పి, ముక్కకు ముక్క జతచేసి చదివారు. సగం వాక్యం ఎడమకాలి చెప్పులో ఉంటే మిగతా సగం కుడికాలి చెప్పులో. కత్తెర వేసినచోట పోయిన అక్షరాలు పోయినట్టే. రాజులు రాతి మీద చెక్కించింది ఒకటీ, చిత్తుకాగితం చెప్పేది ఒకటీ. నేను చిత్తుకాగితం వైపు.

ఆ ముక్కల్లోంచి బయటపడ్డ దావా ఒకటి ఉంది. 670 ప్రాంతం. ఫిర్యాదీ పేరు చావ్ లుషాన్, సోగ్డియన్. ఇందాకటి ఆన్ లుషాన్ వేరు, ఈయన వేరు. ప్రతివాది లీ షావ్‌జిన్, చైనా వర్తకుడు. లుషాన్ అన్న చావ్ యాన్‌యాన్‌కూ ఈ లీకీ వ్యాపారంలో పొత్తు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో దుబాసీ. పడమట గోంగ్యుయె అనే ఊళ్లో లీ ఆ అన్న దగ్గర 275 తానుల పట్టు అప్పు తీసుకున్నాడు. పత్రం రాసుకున్నారు. తరవాత ఇద్దరూ కుచా అనే ఒయాసిస్ పట్టణం వైపు బయలుదేరారు. అన్న వెంట రెండు ఒంటెలు, నాలుగు పశువులు, ఒక గాడిద. లీ కుచా చేరాడు. అన్న చేరలేదు. ఒంటెలూ చేరలేదు, పశువులూ చేరలేదు. ఏమయ్యాడో ఆ పత్రాల్లో లేదు. దొంగలో, దారి తప్పడమో, ఇంకేదన్నానో.

తమ్ముడు కచేరీకి ఎక్కాడు. మా అన్నకు రావాల్సిన 275 తానులు ఇప్పించండి అన్నాడు. ఇక్కడ చిక్కేమిటో లా చదివేవాళ్లు గమనించండి. పత్రం అన్న దగ్గర ఉంది. అన్నే లేడు. పత్రం లేకుండా అప్పు రుజువు చేయాలి. అడిగేవాడు పరదేశి, ఇవ్వాల్సినవాడు స్వదేశి, న్యాయస్థానం స్వదేశిది. ఏం జరుగుతుందనుకుంటున్నారు? వెనక బెంచీ అబ్బాయీ, నువ్వు చెప్పు. 'కొట్టేస్తారు' అంటున్నాడు. కొట్టేయలేదు. పత్రం రాసినప్పుడు ఇద్దరు సోగ్డియన్ వర్తకులు సాక్షులుగా ఉన్నారు. పత్రం పోయినా సాక్షుల నోటిమాట చెల్లుతుందని తాంగ్ చట్టంలో ఉంది. అసలు, వడ్డీ కలిపి తమ్ముడికి కట్టమని తీర్పు. నాగరికతల మధ్య వినిమయం అని ఆహ్వానంలో వేశారే, అదే ఇది. ఒక పరదేశి తన అన్న పట్టు కోసం వేరేవాళ్ల కోర్టు మెట్లెక్కి, వేరే భాషలో వాంగ్మూలం ఇచ్చి, గెలిచి దిగాడు. ఇంత నమ్మకం ఉన్న చోటే వర్తకుడు సరుకు అప్పిస్తాడు. అది లేనిచోట రెండో ఊరు కూడా దాటడు.

ఆ పత్రాలు ఎలా రాసేవాళ్లో కూడా చెప్పాలి. తేదీ మొదట. అప్పు తీసుకున్నవాడి పేరు, ఇచ్చినవాడి పేరు. ఎన్ని తానులు, ఎన్ని వెండి నాణేలు. నెలకు వడ్డీ ఎంత, ఏ నెలలో తీర్చాలి. తీర్చకపోతే ఇంట్లో సామాను పట్టుకుపోవచ్చు అని ఒక వాక్యం. బాకీదారు పారిపోతే హామీదారు కట్టాలి అని మరొకటి. కింద హామీదారు, సాక్షులు. రాయడం రానివాడు నిశానీ ఎలా పెట్టేవాడంటే, వేలు కాగితం మీద ఆనించి దాని కణుపులు ఎక్కడెక్కడ వచ్చాయో అక్కడ గీతలు గీసేవాడు. తుర్ఫాన్‌లో జువో చుంగ్‌షీ అనే వడ్డీవ్యాపారి 673లో పోయాడు. పోతూ పోతూ పదిహేను పత్రాలు సమాధిలోకి పట్టుకుపోయాడు. అప్పు తీరితే పత్రం బాకీదారుకు వెనక్కి ఇచ్చేయడం ఆచారం. కాబట్టి సమాధిలో ఉన్న అప్పుపత్రాలన్నీ తీరనివే. చట్టం ఒప్పుకున్న వడ్డీ నెలకు ఆరు శాతం దరిదాపు, ఈయనది పది, పైన కూడా. పరలోకంలో వసూలు చేసుకుందామనుకున్నాడేమో!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇంకొక్క సంచి. 1907లో ఆరెల్ స్టెయిన్ అనే పురావస్తు పరిశోధకుడు దున్‌హువాంగ్‌కు పడమట, హాన్ వంశం నాటి పాత సరిహద్దు గోడ మీది కాపలా బురుజులో ఒక టపా సంచి దొరకబుచ్చుకున్నాడు. లోపల సోగ్డియన్ భాషలో ఉత్తరాలు. కాగితం మీద. మడిచి, పైన చిరునామా రాసి. ఒక ఉత్తరం సమర్కంద్‌కు పోవాల్సింది, దాన్ని పట్టుగుడ్డలో చుట్టారు. ఏ కారణం చేతో ఆ సంచి బురుజు దాటలేదు. చదివితే 313 ప్రాంతానివని తేలింది, ఎందుకంటే అప్పటి చైనా రాజధాని లోయాంగ్ తగలబడటం, చక్రవర్తి పారిపోవడం అందులో ఉన్నాయి. 311 నాటి సంగతి. అక్కడున్న సోగ్డియన్లు, భారతీయులు ఆకలితో చచ్చిపోయారని అందులోనే ఉంది. నానైవందక్ అనే వర్తకుడు రాశాడది. ఆ కబురు చెబుతూనే, ఫలానావాడికి చెందిన 32 కస్తూరి సంచులు దున్‌హువాంగ్ పంపాను, తండ్రిలేని కుర్రాడి డబ్బు జాగ్రత్త, వడ్డీకి తిప్పండి అని జాబితా వేస్తాడు. రాజధాని కాలిపోతోంది, ఈయన కస్తూరి లెక్క రాస్తున్నాడు. నాకిష్టమైన మనిషి.

అదే సంచిలో మివ్నాయ్ అనే ఆవిడ ఉత్తరాలు రెండు. ఒకటి తల్లికి, ఒకటి మొగుడికి. దున్‌హువాంగ్‌లో మూడేళ్లుగా పడి ఉంది. కూతురు పేరు షాయ్న్. మొగుడి తరఫు బంధువులు ఎవరూ తోడు పంపరు. ఊళ్లో పూజారి ఒక ఒంటెనూ ఒక మనిషినీ ఇస్తానన్నాడని తల్లికి రాసింది. మొగుడికి రాసిన ఉత్తరంలో, నీ పెళ్లాంగా ఉండేకంటే కుక్కకో పందికో పెళ్లాంగా ఉండటం నయం అని తిట్టిపోసింది. కింద కూతురు నాలుగు ముక్కలు చేర్చింది, ఎవడో ఇరవై నాణేల బాకీ ఎగ్గొట్టి పారిపోతే చైనావాళ్లు వీళ్లను పట్టుకున్నారని. 751లో అరబ్బులకూ చైనాకూ జరిగిన తలాస్ యుద్ధంలో చైనా ఖైదీలు చిక్కబట్టే కాగితం పడమటికి తెలిసిందని ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు. ఆ యుద్ధానికి నాలుగు శతాబ్దాల ముందే ఒక సోగ్డియన్ ఆడమనిషి కాగితం మీద మొగుణ్ని తిడుతోంది! పంజికెంత్ పాలకుడు దేవాష్తిచ్ 722లో అరబ్బుల చేతిలో చనిపోయాడు. ఆయన దాక్కున్న ముగ్ కొండ కోటలో 1930లలో దొరికిన దఫ్తరంలో తోలు మీద, కర్రల మీద రాసినవాటితో పాటు కాగితం కూడా ఉంది. తలాస్‌కు 29 ఏళ్ల ముందు. ఖైదీలు కాదు, లెక్కలు రాసుకునేవాళ్లు మోసుకెళ్లారు కాగితాన్ని.

మన ఊసు ఏదీ అని ముందువరసలో మాష్టారు అడుగుతున్నారు. ఉంది. ఆంధ్ర తీరంలో దొరికే రోమన్ బంగారు నాణేలను మాత్రం ఈ లెక్కలో వేయకండి, అవి సముద్రం మీద వచ్చినవి. నాగార్జునకొండ శాసనం తీసుకోండి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం, మూడో శతాబ్దం. బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి, తామ్రపర్ణి, అంటే సింహళం, ఆచార్యులకు అంకితమిచ్చింది. ఆ ఆచార్యులు ఎక్కడెక్కడి జనంలో భక్తి కలిగించారో జాబితా ఉంది. కాశ్మీర, గాంధార, చీన, చిలాత, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, ఇలా. కృష్ణ ఒడ్డున ఒక ఇల్లాలి శాసనంలో చీన, అంటే చైనా, ఉంది. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి మధ్యమక శాస్త్రాన్ని 409లో చైనా భాషలోకి తెచ్చిన కుమారజీవుడు కుచా పట్టణంవాడు. అదే కుచా, మన దావాలో అన్న చేరని ఊరు. తండ్రి భారతీయుడు, తల్లి ఆ ఊరి రాజకుటుంబం. ఒక సేనాని పట్టుకుపోయి లియాంగ్‌జౌలో ఏళ్ల తరబడి ఉంచేశాడు. చైనా భాష అక్కడే వంటబట్టింది. 401లో రాజధాని చాంగాన్ చేరాడు. తరవాతి కాలపు చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ధాన్యకటకంలో కొన్ని నెలలుండి అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడు. తిరుగుప్రయాణంలో సింధునది దాటుతుంటే పడవ కుదుపుకు యాభై గ్రంథాలు నీళ్లపాలయ్యాయి. ఖోటాన్‌లో ఆగి, పోయినవాటి ప్రతుల కోసం కుచాకూ కాష్గర్‌కూ మనుషుల్ని పంపాడు. అయినా 645లో రాజధానికి చేర్చినవి 657 గ్రంథాలు, ఇరవై గుర్రాల మీద.

సంగీతం, ద్రాక్ష, పెండ్లి ఒప్పందాలు, వంటలు, ఇవన్నీ చెప్పాలనుకున్నాను. దావా తినేసింది టైమంతా. పోనివ్వండి.

ఇప్పుడు మీతో పని. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది ఇళ్లల్లో అటక మీద పాత మూటలున్నాయి? చేతులెత్తండి. చూశారా, సగం హాలు. తాతగారి చిట్టా, ఆవర్జా, ప్రోనోట్లు, కౌలు కాగితాలు, గుడ్డ అట్ట వేసిన ఖాతాపుస్తకాలు. దసరాకు ఇల్లు దులుపుతూ కిలోల లెక్కన పాతపేపర్ల వాడికి వేసేస్తున్నాం. కావ్యాల తాళపత్రాలంటే మాత్రం కళ్లకద్దుకుంటాం. బండి మీద మిరపకాయ ఏ సంతకు పోయింది, బాడుగ ఎంత, దారిలో ఎన్ని బస్తాలు తడిశాయి, అది ఏ కావ్యంలోనూ దొరకదు. సోగ్డియన్లకు దొరికిన అదృష్టం మనకు లేదు. మన ఊళ్లో వాన పడుతుంది, చెదలుంటాయి.

చేయాల్సింది ఇది, రాసుకోండి. మూట విప్పేముందు ఫొటో తీయండి. కట్ట ఏ వరసలో ఉందో ఆ వరస చెడగొట్టకండి. పక్కపక్కన ఉన్న రెండు కాగితాలకు సంబంధం ఉంటుంది. విడదీస్తే ఆ సంబంధం ఇక తెలియదు. తడిసినవాటిని ఎండలో పెట్టొద్దు. నీడలో, గాలి ఆడేచోట, తెల్ల గుడ్డ మీద పరచండి. అతుక్కుపోయిన పేజీల్ని వేళ్లతో లాగొద్దు. ఇనప గుండుసూదులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. రబ్బరుబ్యాండు వద్దు, వెడల్పాటి నూలు నాడాతో వదులుగా కట్టండి. చిరిగినచోట సెల్లోటేపు అసలే వద్దు. కొన్నేళ్లకు ఆ జిగురు పసుపుపచ్చగా మారి అక్షరంలోకి దిగుతుంది. లామినేషన్ చేయిస్తే మళ్లీ విప్పే వీలుండదు. నిమ్మగడ్డి నూనె తాటాకుకే, కాగితానికి రాయకండి. వస కొమ్ము మూటగట్టి పక్కన పెట్టండి, కాగితానికి తగలకుండా. ఎవరిల్లు, ఏ ఊరు, అటక మీదా పెట్టెలోనా, ఇవన్నీ వేరే చీటీ మీద రాసి పెట్టండి. అసలు కాగితం మీద ఏదన్నా అంకె వెయ్యాల్సి వస్తే మూలన మెత్తటి పెన్సిలుతో వేయండి, పెన్నుతో వద్దు.

ఇంట్లో పెట్టుకోలేనివాళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్లను అడగండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే స్కాను చేయించి మూట మీదగ్గరే ఉంచుకోండి. రేపు పదింటికి ఇదే హాల్లో కిందిగదిలో బల్లలు వేయిస్తామని గ్రంథాలయాధికారిగారు ఒప్పుకున్నారు. మూటలు తెచ్చేవాళ్లు ప్లాస్టిక్ సంచిలో తేకండి, చెమ్మ పడుతుంది. పాత నూలు చీరలో కట్టి తీసుకురండి.